పాత పు-అర్ తేయాకు, ఎండు కమలా తొక్క: ప్రశాంతమైన సాయంత్రపు టీకి సమగ్ర మార్గదర్శి

కొత్త బియ్యం కంటే పాత బియ్యానికి ధర ఎందుకు ఎక్కువో తెలుగు ఇళ్లలో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంవారు ఇదే లెక్కను కమలాపండు తొక్కకు వర్తింపజేస్తారు. అక్కడివారు తమ నేల ఇచ్చిన మూడు నిధులుగా చెప్పుకునేవి ముదురు అల్లం, వరిగడ్డి, చెన్‌పీ. చెన్‌పీ అంటే ఎండబెట్టి ఏళ్ల తరబడి నిల్వ ఉంచిన కమలా తొక్క. దీన్ని యునాన్ రాష్ట్రంలో పండే పు-అర్ తేయాకుతో కలిపి కాచుకునే అలవాటు ఆ ప్రాంతంలో చాలాకాలంగా ఉంది. యునాన్‌లో ఉద్యోగం చేసి పు-అర్ తేయాకుతో సొంతూరికి తిరిగివచ్చిన లువో తియాన్‌చి అనే పండితుడు, దగ్గు తగ్గడానికి భార్య కాచి ఇచ్చిన తొక్క కషాయాన్ని పొరపాటున టీ కుండలో పోసుకున్నాడని, అలా ఈ పానీయం పుట్టిందని షిన్‌హ్వే ప్రాంతంవారు ఒక కథ చెప్పుకుంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ కలయిక మాత్రం రుచి తెలిసినవారు కుదిర్చినదే.

ప్రశాంతత ఎక్కడి నుంచి వస్తుంది

పని మొదలుపెట్టే ముందు ఒక మాట స్పష్టం చేసుకోవాలి. ఈ టీని నిద్రపుచ్చే మందుగా అమ్మేవారు చాలామంది ఉన్నారు; అది మందు కాదు. ఎండు తేయాకులో సాధారణంగా బరువులో 2 నుంచి 4 శాతం కెఫీన్ ఉంటుంది, ఎంత పాతబడినా అది మాయమైపోదు. అంటే 5 గ్రాముల ఆకును పూర్తిగా పిండుకుంటే 100 నుంచి 200 మిల్లీగ్రాముల కెఫీన్ మన ఒంట్లోకి చేరుతుంది. టీకి మనసును కుదుటపరిచే గుణం ఇస్తుందని పేరున్న థియానిన్ అనే పదార్థమేమో, పు-అర్‌ను కుప్పపోసి పులియబెట్టే దశలోనే బాగా తగ్గిపోతుంది. మొదటి నీళ్లు పారబోస్తే కెఫీన్ అంతా పోతుందన్న మాట కూడా నిజం కాదు. పది సెకన్లలో దిగేది కొద్ది భాగమే.

అయినా ఈ టీ తాగినవారు నెమ్మదించడం నిజమే. దానికి కారణాలు మామూలువి: వేడి, పాత చెక్కపెట్టె తెరిచినప్పటి వాసనలాంటి పరిమళం, వగరు చేదు దాదాపు లేని మెత్తని రుచి, చిన్న కప్పుల్లో పదిసార్లు పోసుకోవడంలో గడిచే ముప్పావుగంట. కాబట్టి ఈ టీలో ప్రశాంతత కావాలనుకునేవారు పట్టించుకోవలసినవి మూడే ఉన్నాయి, అవి ఆకు మోతాదు, తొక్క మోతాదు, తాగే వేళ. కింద చెప్పే పద్ధతి మొత్తం ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది.

మొదటి అడుగు: తేయాకును ఎంచుకోవడం

పు-అర్‌లో రెండు రకాలు ఉన్నాయి. షెంగ్ అంటే పచ్చిది. ఎండబెట్టిన ఆకును ఆవిరి పట్టి బిళ్లలుగా నొక్కి, ఏళ్లకు ఏళ్లు దానంతట అదే మారేలా వదిలేస్తారు. షౌ అంటే పండించినది. ఆకును పెద్ద కుప్పగా పోసి, నీళ్లు చల్లి, కప్పెట్టి, మధ్యమధ్య తిరగేస్తూ సుమారు నెలన్నర నుంచి రెండు నెలలు సూక్ష్మజీవులతో పులియబెడతారు. గ్వాంగ్‌డాంగ్ వ్యాపారులు ఆకును తడిపి త్వరగా పాతబరిచే పద్ధతిని చూసివచ్చిన యునాన్ నిపుణులు, 1973లో కున్‌మింగ్ తేయాకు కర్మాగారంలో ఈ కుప్ప పద్ధతికి రూపం ఇచ్చారు. ఇప్పుడు తొక్కతో కలిసే ఆకుకు ఆ పద్ధతి నేర్పిన ప్రాంతం, తొక్కకు పేరుపడిన ప్రాంతం రెండూ గ్వాంగ్‌డాంగే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

మన అవసరానికి షౌ రకమే సరైనది. లేత షెంగ్ వగరుగా, చురుకుగా ఉండి కడుపులో మంట పుట్టించవచ్చు. పైగా దాని పూలవాసన తొక్క వాసనతో పోట్లాడుతుంది. షౌలో కూడా అప్పుడే తయారైనదాన్ని వద్దనుకోవాలి, ఎందుకంటే కుప్పలో పులిసిన తేమ వాసన, ఒక్కోసారి చేపవాసనను గుర్తుచేసేది, దాన్ని వెంటనే వదలదు. 3 నుంచి 10 ఏళ్ల మధ్య వయసున్న షౌలో ఆ వాసన చాలావరకు తగ్గి, తడిమట్టి, ఎండు ఖర్జూరం, పాత కర్ర గుర్తుకు వచ్చే పరిమళం మిగులుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ల ఆకు అని చవకగా అమ్మేదాన్ని నమ్మకండి. బిళ్ల మొత్తం సాధారణంగా 357 గ్రాములు ఉంటుంది కనుక ముందుగా 50 గ్రాముల నమూనా తెప్పించుకుని, నచ్చితేనే బిళ్ల కొనడం మేలు. కాచిన నీళ్లు ఎర్రగా లేదా ముదురు గోధుమరంగులో ఉన్నా తేటగా ఉండాలి. మురికిగా కలిసిపోయినట్టు కనిపిస్తే, గొంతు పట్టేసినట్టు అనిపిస్తే ఆ ఆకు మంచిది కాదు.

రెండో అడుగు: తొక్కను ఎంచుకోవడం

ఖర్చూ మోసమూ రెండూ ఎక్కువగా ఉండేది ఈ అడుగులోనే కనుక ఇక్కడ కాస్త నెమ్మదిగా నడవాలి.

చెన్‌పీకి పేరుపడిన చోటు జియాంగ్‌మెన్ నగరం కిందకు వచ్చే షిన్‌హ్వే. అక్కడ పండే చా-జి అనే కమలా రకాన్ని ముఖ్యంగా తొక్క కోసమే పెంచుతారు. పండులో గుజ్జు పక్కకు పోయి తొక్కకు విలువ రావడం మనకు వింతగా అనిపించవచ్చు కానీ, అక్కడ లెక్క అదే. షిన్‌హ్వే చెన్‌పీకి 2006లో చైనా ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఎండిన తొక్క కనీసం మూడేళ్లు నిల్వ ఉంటేనే దాన్ని చెన్‌పీ అనాలి. అంతకంటే లేతది కమలా తొక్క మాత్రమే.

ఒకే చెట్టు నుంచి మూడు రకాల తొక్కలు వస్తాయి. కాయ ఆకుపచ్చగా ఉన్నప్పుడు కోసినదాని తొక్క ఘాటుగా, చేదుగా ఉంటుంది. రంగు తిరుగుతున్నప్పుడు కోసినది మధ్యరకం. చలికాలంలో బాగా పండి ఎర్రబారిన పండు తొక్కను ‘పెద్ద ఎరుపు’ అంటారు. అది మందంగా, తియ్యని వాసనతో, మెత్తని రుచితో ఉంటుంది. నెమ్మది కోసం తాగేవారికి ఈ మూడోదే తగినది. కమలాజాతి పచ్చికాయల తొక్కలో సైనెఫ్రిన్ అనే ఉత్తేజక పదార్థం ఎక్కువగా ఉంటుంది. కాయ పెరిగి పండేకొద్దీ అది తగ్గుతుంది. చిన్న పచ్చి కమలాను తొలిచి లోపల తేయాకు కూరి ఎండబెట్టే ‘షియావ్ చింగ్ గాన్’ గుండ్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, కాచుకోవడం సులువు, వాసన గుమ్మంటుంది. అయినా వాటిని నేను పొద్దుటి పూటకే ఉంచుతాను. సాయంత్రానికి పండిన తొక్కే సరి.

కొనేటప్పుడు తొక్కను వెలుగుకు ఎదురుగా పట్టుకుని చూడాలి. నూనె తిత్తులు చుక్కలు చుక్కలుగా, వెలుగు దూరేలా కనిపిస్తే అది మంచి పండు తొక్క. వయసు మీదపడేకొద్దీ తొక్క తేలికై, విరిస్తే పెళుసుగా తునుగుతుంది. లోపలి తెల్లని పొర గోధుమరంగుకు మారి, అక్కడక్కడా రాలిపోతుంది. కొత్త తొక్క వాసన ముక్కుకు సూటిగా, పుల్లగా తగిలితే, పాతదాని వాసన కర్రలా, కర్పూరంలా చల్లగా ఉంటుంది, ఎందుకంటే ఘాటునిచ్చే లిమొనీన్ నూనె ఏడాదికేడాది ఆవిరైపోతుంటుంది. ముదురు రంగు చూసి వయసు లెక్కగట్టడం మాత్రం ప్రమాదం. టీ నీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి లేత తొక్కను ముసలిదిగా చూపడం పాత మోసం. లోపలా బయటా ఒకే నలుపు ఉండి, వేడినీళ్లు పోయగానే రంగు భళ్లున దిగితే అనుమానించాలి. ఈ టీకి 3 నుంచి 5 ఏళ్ల తొక్క చాలు. పదేళ్లు దాటిన తొక్క దొరికితే, దాన్ని తేయాకుతో కలపకుండా విడిగా కాచుకుని రుచి చూడటమే దానికి మనం ఇచ్చే గౌరవం.

ఇంట్లోనే ఎండబెట్టుకోవాలంటే

షిన్‌హ్వే తొక్క దొరకనివారు చలికాలంలో మన బండ్లమీద అమ్మే నాగపూర్ కమలాలతో ప్రయత్నించవచ్చు. అవి కూడా అదే వృక్షజాతికి చెందినవి కనుక వాసనలో బంధుత్వం ఉంటుంది, అయితే రుచి ఒకటే కాదు. బత్తాయి తొక్క దీనికి పనికిరాదు, చేదెక్కుతుంది. మైనం పూయని, వీలైతే మందులు కొట్టని పండ్లు చూసి, గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి తుడవాలి. మూడు రేకులు ఒకచోట కలిసి ఉండేలా తొక్కను చీల్చి తీసి, ఒక రోజు నీడన వాడనివ్వాలి. తొక్క మెత్తబడ్డాక తెల్లని వైపు బయటికి వచ్చేలా తిరగేసి, మన అమ్మమ్మలు ఒరుగులు ఎండబెట్టినట్టే మేడమీద పలుచని గుడ్డపై పరచాలి. వంచితే వంగకుండా టప్పున విరిగేదాకా ఎండనివ్వాలి, దానికి నాలుగు నుంచి ఆరు మంచి ఎండలు పడతాయి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తేవడం మరచిపోకూడదు. వానాకాలంలో ఈ పనికి పూనుకుంటే బూజు తప్ప మిగిలేది ఏమీ ఉండదు.

తొలి ఏడాది ఆ తొక్కను టీలో వేయకండి. నేను ఆత్రపడి రెండు నెలల తొక్క వేసి కాచాను. నేల తుడిచే ద్రవం వాసన వచ్చింది.

మూడో అడుగు: నీళ్లు, పాత్రలు

బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే హైదరాబాద్ కాలనీల్లో ఈ టీ నల్లగా, చప్పగా దిగుతుంది. శుద్ధి యంత్రం నీళ్లు మరీ ఖాళీగా అనిపిస్తే వాటిలో నాలుగో వంతు మామూలు కుళాయి నీళ్లు కాచి కలుపుకోవచ్చు. పాత్రల విషయంలో పెద్ద పట్టింపు అక్కర్లేదు. గైవాన్ అనే మూతగిన్నె 120 మిల్లీలీటర్లది ఉంటే బాగుంటుంది. లేకపోతే మూతా సన్నజాలీ ఉన్న చిన్న టీ కుండ ఏదైనా సరే. మరిగించడానికి గాజు పాత్రో మట్టిపాత్రో కావాలి. నిజంగా కావలసినది చిన్న డిజిటల్ కాటా. చిటికెడు, గుప్పెడు లెక్కలు పప్పుచారుకు సరిపోతాయి కానీ, ఇక్కడ ఒక గ్రాము తొక్క ఎక్కువైనా రుచి తిరగబడుతుంది.

నాలుగో అడుగు: పాళ్లు

మూతగిన్నెలో కాచేటప్పుడు ఆకు 5 గ్రాములైతే తొక్క 1 గ్రాము. సాయంత్రం ఒక్కరే తాగుతుంటే ఆకును 3 గ్రాములకు తగ్గించి, తొక్కను ముప్పావు గ్రాముకు దించాలి. పొయ్యిమీద మరిగించేటప్పుడు లెక్క మారుతుంది: 600 మిల్లీలీటర్ల నీళ్లకు ఆకు 3 గ్రాములు, తొక్క 2 గ్రాములు. తొక్క మరుగుతుంటే తియ్యదనం ఇస్తుంది, ఆకు మాత్రం ఎక్కువ మరిగితే బరువెక్కుతుంది. అందుకే ఆ తేడా.

తొక్క ఎక్కువ వేస్తే ఎక్కువ నెమ్మది వస్తుందనుకోవడం దాదాపు అందరూ చేసే పొరపాటు. తొక్క ఆకు వెనుక నిలబడాలి. మొదటి గుక్కలో టీ తెలియాలి, మింగిన తర్వాత ముక్కు వెనుక నుంచి కమలా పరిమళం రావాలి. చైనా అధికారిక ఔషధ గ్రంథం చెన్‌పీ మోతాదును రోజుకు 3 నుంచి 10 గ్రాములుగా చెబుతుంది, అదీ మందుగా వాడేటప్పటి లెక్క. టీ తాగేవారికి అందులో కింది అంకె దాటే అవసరమే రాదు.

ఐదో అడుగు: మూతగిన్నెలో కాచడం

నీళ్లు ఎసరు కాగినట్టు తెర్లాలి; పు-అర్‌కు సలసల కాగే నీళ్లే కావాలి, వేడి తగ్గితే ఆకు విచ్చుకోదు. గిన్నెను, కప్పులను ముందు వేడినీళ్లతో కడిగి వెచ్చబరచాలి. బిళ్ల నుంచి ఆకును పొరలు పొరలుగా, పొడి కాకుండా, సూదిలాంటి పరికరంతో పక్క నుంచి ఊడదీయాలి. తొక్కను చేత్తోనే గోరంత ముక్కలుగా తుంచాలి; పొడి చేస్తే చేదు ఒక్కసారిగా దిగిపోతుంది.

తొక్క ముక్కలను అడుగున, ఆకును పైన వేసి, నీళ్లు పోసి, పది సెకన్లలో పారబోయాలి. ఇది దుమ్ము కడగడానికి, ఆకును మేల్కొలపడానికి. ఆకు బాగా గట్టిగా నొక్కినదైతే రెండోసారి కూడా కడగవచ్చు. మూత పెట్టి అరనిమిషం ఆగి, మూతను ముక్కు దగ్గరకు తెచ్చుకోండి. ఈ టీలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. తర్వాత మొదటి రెండు దఫాలు 10 సెకన్లు, మూడోది 15, ఆపైన ఒక్కో దఫాకు ఐదు పది సెకన్లు పెంచుకుంటూ పోవాలి. మంచి ఆకు ఎనిమిది నుంచి పది దఫాలు నిలుస్తుంది. మూడు నాలుగు దఫాల దగ్గర తొక్క, తేయాకు ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. అంతకుముందు టీ ముదురుగా, తొక్క విడిగా తోస్తే కంగారుపడనక్కర్లేదు.

ఇందులో పాలు పోయరు. పాలు పోస్తే తొక్క వాసన చచ్చిపోతుంది, మిగిలేది రంగు మారిన పాలే. తీపి లేకుండా ఇబ్బందిగా ఉన్నవారు మరిగించే పద్ధతిలో చిన్న పటికబెల్లం ముక్క వేసుకోవచ్చు. చైనాలో కూడా అలా వేసుకునేవారు ఉన్నారు.

రుచి చెడితే కారణం వెతకడం కష్టం కాదు. చేదు నాలుక వెనుక తగిలితే తొక్క ఎక్కువైంది లేదా లేతది. నీళ్లలా ఉంటే నీళ్ల వేడి చాలలేదు. మురుగు వాసన వస్తే ఆకు ఇంకా కొత్తది. బిళ్లను విడగొట్టి, గాలి ఆడే మట్టిజాడీలో వేసి, గుడ్డ కట్టి, కొన్ని వారాలు వదిలేస్తే చాలావరకు తగ్గుతుంది.

వేళ, జాగ్రత్తలు

ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దవారిలో సుమారు ఐదు గంటలు పడుతుంది. పదిన్నరకు పడుకునేవారు సాయంత్రం ఐదు దాటాక ఆకు ఉన్న టీ తాగకపోవడమే మంచిది. భోజనంతోపాటు తాగితే టీలోని వగరు పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కనుక, రక్తహీనత ఉన్నవారు భోజనానికీ దీనికీ కనీసం గంట ఎడం ఉంచాలి. గర్భిణులు, రక్తపోటు లేదా గుండెదడ ఉన్నవారు, రోజూ మందులు వేసుకునేవారు వైద్యుణ్ణి అడిగాకే అలవాటు చేసుకోవాలి. ముఖ్యంగా పైన చెప్పిన సైనెఫ్రిన్ కారణంగా పచ్చి కమలా గుండ్లకు వారు దూరంగా ఉండాలి. చైనా సంప్రదాయ వైద్యం తొక్కను వేడిచేసే, తేమను పీల్చే పదార్థంగా చూస్తుంది. పొడిదగ్గు, నోరెండిపోవడం ఉన్నప్పుడు వద్దంటుంది.

నిల్వ

ఆకును, తొక్కను వేర్వేరుగా దాచాలి. కలిపి ఉంచితే ఆకు నిండా కమలా వాసన పట్టి, తొక్క తన వాసన కోల్పోతుంది. వంటగదిలో అసలు పెట్టకూడదు. ఇంగువ డబ్బా పక్కన వారం ఉన్న పు-అర్‌ను బాగుచేసే విద్య ఎవరికీ లేదు. ఫ్రిజ్ కూడా వద్దు. తెలంగాణ, రాయలసీమల పొడిగాలిలో తేయాకును కాగితంలో చుట్టి మట్టిజాడీలో ఉంచితే చక్కగా నిలుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో మాత్రం వానలు మొదలయ్యేలోపు గాలి చొరని గాజుసీసాలోకి మార్చి, పొడి రోజులు వచ్చాక మళ్లీ తెరవాలి. తొక్కను ఏడాదికి ఒకటి రెండుసార్లు, వానలు తగ్గాక ఒకసారి, వేసవిలో ఒకసారి, ఎండలో వేసి, పురుగు ఉందేమో చూసి, పూర్తిగా చల్లారాకే తిరిగి సీసాలో పోయాలి. నూగులాంటి బూజు ఒక్క ముక్కమీద కనిపించినా ఆ సీసా మొత్తం పారేయాలి. కడిగి వాడుకుందామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఆరో అడుగు: మిగిలిన ఆకును మరిగించడం

పది దఫాలు అయ్యాక ఆకును పారేయకండి. గిన్నెలోని ఆకు, తొక్క మొత్తం చిన్న పాత్రలోకి తీసి, కొత్త తొక్క ఒక గ్రాము చేర్చి, 500 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, మూత వేసి సన్నసెగపై పది నిమిషాలు ఉంచాలి. అప్పటికే కెఫీన్ చాలావరకు దిగిపోయిన ఆకు కనుక ఇది పలుచగా, తియ్యగా, ఎండుఖర్జూరం నానబెట్టిన నీళ్లను గుర్తుచేసేలా ఉంటుంది. తాజా ఆకుతో మొదటినుంచి మరిగించాలనుకుంటే నాలుగో అడుగులో చెప్పిన పాళ్లు తీసుకుని, ఆకును ఒకసారి కడిగి, ముందు తొక్కను మాత్రమే ఎనిమిది నిమిషాలు మరగనిచ్చి, చివరి నాలుగు నిమిషాల కోసం ఆకును వేయాలి.

రాత్రి భోజనమయ్యాక కూడా ఆ వాసన కావాలనిపించేవారికి తేయాకు లేని దారి ఉంది. 3 గ్రాముల పండిన చెన్‌పీని ఒకసారి కడిగి, 500 మిల్లీలీటర్ల నీళ్లలో పావుగంట సన్నసెగపై కాచి వడకట్టుకోవచ్చు, అయితే ఆ రోజు టీలో పడిన తొక్కను కూడా లెక్కలో వేసుకుని అంతమేర తగ్గించుకోవాలి. ఇందులో కెఫీన్ ఉండదు. రంగు లేత తేనెలా వస్తుంది. అంతకంటే ముదురుగా వస్తే తొక్క బాగా పాతదైనా అయి ఉండాలి, రంగు వేసినదైనా అయి ఉండాలి. ఏదో తేల్చుకోవడానికి అదే తొక్క ముక్కను చల్లని నీళ్లలో పది నిమిషాలు ఉంచి చూడండి. వేసిన రంగు చల్లని నీళ్లలోనూ త్వరగా వదులుతుంది. పాతబడి వచ్చిన రంగు వేడి కోసం ఎదురుచూస్తుంది.